నాయిన బండికి ఏ ఆయిల్ పోయాలి?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 29. వాళ్ల నాయిన 2005లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ మీదే ఇప్పుడు ఇల్లు గడుస్తోంది. పొద్దున, సాయంత్రం చుట్టుపక్కల తండాలు తిరిగి పాలు పోయించుకుని, బండికి రెండు వైపులా 40 లీటర్ల క్యాన్లు కట్టుకుని పాల కేంద్రంలో దించి రావడం ఈ పాఠకుడి పని. మీటరు ఎప్పుడో ఆగిపోయింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

బండిని మొదటి నుంచీ చూస్తున్నది నాయిన స్నేహితుడైన మెకానిక్. ఇంట్లో అందరూ కాక అని పిలుస్తారు. ఉగాది దాటితే చిక్కటి 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్, దసరా దాటితే దానికన్నా పలుచటి 20డబ్ల్యూ-40 పోయడం ఆయన లెక్క. డ్రమ్ములోంచి లూజుగా తీసి, మగ్గుతో కొలిచి పోస్తారు. పోయిన సంక్రాంతికి అక్కా బావా వచ్చారు. బావ హైదరాబాద్‌లో కార్ల సర్వీసు సెంటర్లో పనిచేస్తారు. "ఇంకా ఈ జిడ్డు ఆయిలేనా" అని 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ డబ్బా తెచ్చి, తనే పాతది దించి పోశారు. మొదట్లో బండి మెత్తగా నడిచింది. తర్వాత నిండు క్యాన్లతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ముందుకు పోవడం లేదు. కాకకు కోపం వచ్చింది. ఆ చలిలోనే ఆయిల్ దించేసి 20డబ్ల్యూ-50 పోశారు. క్లచ్ కొంత సర్దుకుంది. కానీ తెల్లవారుజామున కిక్కు కొట్టడం బరువైంది, మైలేజీ తగ్గింది, స్టార్ట్ చేయగానే పొగ. ఎండలు ముదిరాక నెల తిరగకముందే, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌కు ఆయిల్ అంటడం మానేసింది.

"కాక మాట కాదంటే నాయిన బాధపడతాడు. బావ మాట తీసేస్తే అక్క చిన్నబుచ్చుకుంటుంది. మా ఆవిడ ఈ బండి ఇచ్చేసి ఈఎంఐలో కొత్తది తీసుకుందాం అంటుంది. ఎండకొకటి, చలికొకటి ఆయిల్ మార్చాలా? ఏ నంబరు పోయాలి? ఇంజిన్ దించాలా?" ఇదీ ఆయన అడిగింది.

తమ్ముడూ, ముందు ఒక భయం తీసేస్తాను. బావ పోసిన ఆయిల్ వల్ల మీ ఇంజిన్ పాడైందని నేను అనుకోవడం లేదు. ఆ కొద్ది రోజుల్లో దెబ్బ పడింది క్లచ్‌కు. కారులో గేర్లు మార్చే క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కు దూరంగా, పొడిగా ఉంటుంది. మీ బండిలో అలా కాదు. క్రాంకు, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతాయి. కార్ల ఆయిల్‌లో, ముఖ్యంగా 20, 30 నంబర్ల పలుచటి రకాల్లో, రాపిడి తగ్గించి పెట్రోలు ఆదా చేసే మందులు కలుపుతారు. కారుకు అది మేలే. కానీ క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే రాపిడే కావాలి. అది తగ్గితే జారతాయి. ఎత్తులో, బరువుతో ఉన్నప్పుడు ఇంకా జారతాయి. మీకు జరిగింది అదే.

అందుకే బైకు ఆయిల్ కొనేటప్పుడు నంబరుకన్నా ముందు డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా చూడాలి. జపాన్ వాహన పరిశ్రమ వాళ్లు తడి క్లచ్ బండ్ల కోసం 1990ల చివర్లో పెట్టిన ప్రమాణం అది. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు. షాపులో తొందరలో స్కూటర్ డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి. సింథటిక్ అన్న మాటకు భయపడాల్సిన పని లేదు. జాసో ఎంఏ ఉన్న బైకు సింథటిక్ మీ క్లచ్‌ను ఏమీ చేయదు. అయితే ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌లో అంత ఖరీదైనది పోయడం మీ పాల డబ్బులు కాల్చుకోవడమే కాబట్టి దాని జోలికి ఇప్పుడు వెళ్లొద్దంటాను.

క్లచ్ గురించి ఇంకో మాట. మంచి ప్లేట్లు ఉన్న బండిలో ఆయిల్ తేడా వల్ల క్లచ్ అంత త్వరగా చేతులెత్తేయదు. మీ ప్లేట్లు అప్పటికే అరిగి ఉండాలి, లేదా కేబుల్ మరీ బిగుతుగా ఉండాలి. క్లచ్ లివర్ చివర పట్టుకుని మెల్లగా లాగి చూడండి. బరువు తగలకముందు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. ఆ ఖాళీ లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి, ఏ ఆయిల్ పోసినా జారుతుంది. ఖాళీ సరిగ్గా ఉండి, ఎంఏ ఆయిల్ రెండుసార్లు మారిన తర్వాత కూడా ఎత్తులో జారుతుంటే ప్లేట్లు వేయించుకోండి. ఆ తప్పంతా బావ మీద వేయకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎండకు ఒకటి, చలికి ఒకటి.

డబ్బా మీద రెండు నంబర్లు ఉంటాయి. డబ్ల్యూ పక్కన ఉన్నది గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెబుతుంది. రెండోది ఇంజిన్ బాగా వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్ ఇంజిన్‌ను తిరగనిస్తుందా అని పరీక్షించేది సున్నాకు 15 డిగ్రీలు కింద. 10డబ్ల్యూ అయితే సున్నాకు 25 డిగ్రీలు కింద. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు జనవరి తెల్లవారుజామున 10, 12 డిగ్రీలకు పడితేనే ఊరంతా చలిమంటల చుట్టూ చేరుతుంది. కాశ్మీర్‌లో, హిమాచల్‌లో మొదటి నంబరు గురించి ఆలోచించాలి. మన చలికి 20డబ్ల్యూ ఆయిల్ సరిపోతుందా అన్న ప్రశ్నే రాదు.

మరి కిక్కు ఎందుకు బరువైంది? మామూలుగా దొరికే ఆయిల్స్ చిక్కదనం లెక్కగట్టి చూస్తే, 12 డిగ్రీల చలిలో 20డబ్ల్యూ-40కీ 20డబ్ల్యూ-50కీ తేడా ఐదో వంతుకు అటూఇటూనే ఉంటుంది. 10డబ్ల్యూ-30 మాత్రం ఆ రెండింటిలో సగంకన్నా పలుచన. బావ పోసిన 5డబ్ల్యూ-30 అంతకన్నా పలుచన. మీరు అంత పలుచటిది వాడి, నడి చలిలో ఒక్కసారిగా 20డబ్ల్యూ-50కి వచ్చారు. కాలికి ఆ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? కాక దసరాకు పోసే 20డబ్ల్యూ-40తో కూడా కిక్కు దాదాపు ఇంతే బరువుగా ఉండి ఉంటుంది, అప్పుడు మీకు పోల్చుకోవడానికి ఏమీ లేదు. కిక్కు బరువు వేరు, ఎక్కువ కిక్కులు పట్టడం వేరు. ఒకటికి నాలుగు కొడితే గానీ అందుకోవడం లేదంటే ఆయిల్‌ను వదిలి స్పార్క్ ప్లగ్, చోక్, కార్బురేటర్, టాపెట్ గ్యాప్ చూపించుకోండి.

కాబట్టి చలి మీకు పెద్ద సమస్య కాదు. వేడి మాత్రం నిజమైన సమస్యే, అక్కడ కాక అనుభవానికి విలువ ఇవ్వాలి. మీ ఇంజిన్‌కు రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మీదుగా పోయే గాలే దాన్ని చల్లబరచాలి. మీరు నడిపే తీరు చూడండి. తండా నుంచి తండాకు, రెండో గేరులో, నిండు క్యాన్లతో, ప్రతి ఇంటి ముందు ఆగుతూ. 80 లీటర్ల పాలంటేనే 80 కిలోల పైచిలుకు, క్యాన్ల బరువు వేరే, ఆ పైన మీరు. మే నెలలో గాలే 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ఆ గాలి కూడా సరిగా తగలని వేగంలో, ఆయిల్ వేడి 100 దాటి పోవడం ఖాయం. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ చిక్కదనం ఉన్న 20డబ్ల్యూ-40 ఆయిల్, 120 డిగ్రీలకు వెళ్తే 9కి అటూఇటూ పడిపోతుంది. అంటే 40 పోశామనుకుంటాం, ఆ ఎండలో అది 30 కన్నా పలుచగా పనిచేస్తుంటుంది. హైవే మీద ఒక్కడే పోయే ఉద్యోగికి ఈ లెక్క ఇంత గట్టిగా వర్తించదు. మీకు వర్తిస్తుంది.

బైకు ఆయిల్‌కు ఇంకో కష్టం ఉంది. గేర్ల పళ్ల మధ్య నలిగి నలిగి, ఆయిల్‌ను వేడిలో చిక్కగా నిలిపే పాలిమర్లు తెగిపోతాయి. కొత్తలో 40గా ఉన్నది వాడగా వాడగా 30 వైపు జారుతుంది. కాబట్టి పోసినది ఏ నంబరు అన్నదానితో పాటు, పోసి ఎంత కాలమైందన్నదీ అంతే ముఖ్యం. కాక ఉగాదికి, దసరాకు మారుస్తున్నారంటే మధ్యలో ఆరు నెలలు. రోజూ రెండు పూటలా బరువుతో తిరిగే బండికి అది చాలా ఎక్కువ. మీ పనికి 2,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చడం మంచిదంటాను. మీటరు లేదు కాబట్టి మీ రోజువారీ దారి దూరం ఒకసారి ఫోన్లో కొలుచుకుని, ఎన్నాళ్లకు అంత అవుతుందో క్యాలెండర్‌లో రాసుకోండి. పండుగల లెక్క వదిలేసి ఈ లెక్క పట్టుకోండి. మీకు చెప్పదలచుకున్న వాటిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదీ, దీని వెనకే వచ్చే ఆయిల్ మట్టం సంగతీ.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది "డిప్‌స్టిక్‌కు ఆయిల్ అంటడం లేదు" అన్న ఒక్క వాక్యం. 30, 40, 50 అని మనం ఎంత వాదించుకున్నా, లోపల ఆయిలే లేకపోతే ఏ నంబరైనా ఒకటే. మీ బండిలో పట్టేదే లీటరు లోపు. పావు లీటరు తగ్గిందంటే నాలుగో వంతుకు పైగా పోయినట్టు. ఉన్న కాస్త ఆయిల్‌కే తిరిగి తిరిగి పని పడి ఇంకా వేడెక్కుతుంది. ముందు దెబ్బ తినేది ఇంజిన్ పైభాగమైన హెడ్డులో వాల్వులు తెరిచే క్యామ్, రాకర్లు, ఎందుకంటే పంపు ఎక్కించే ఆయిల్ అక్కడికి చివరగా చేరుతుంది. టాపెట్ శబ్దం పెరిగిందా గమనించండి. ఎత్తులో మట్టం తగ్గిన బండిని లాగిస్తే ఇంజిన్ పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

వారానికి రెండుసార్లు చూసుకోవడం అలవాటు చేసుకోండి. బండిని సమంగా ఉన్న నేల మీద మెయిన్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. కుడి వైపు ఉన్న మూత తీసి, డిప్‌స్టిక్ తుడిచి, మరలు బిగించకుండా ఊరికే లోపల ఆనించి తీసి చూడండి. బిగించి తీస్తే లెక్క తప్పుతుంది. కింది గీత, పై గీత ఉంటాయి. ఆయిల్ ఆ మధ్యలో ఉండాలి, వీలైతే పై గీతకు దగ్గరగా. తగ్గితే అదే రకం ఆయిల్ కొద్దికొద్దిగా కలపండి. ఎక్కువ పోస్తే మంచిదనుకుని డబ్బా మొత్తం ఒంపొద్దు. పై గీత దాటితే ఆయిల్ నురగ కడుతుంది, బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్నుకొచ్చి పొగ పెరుగుతుంది. మగ్గు కొలతలో ఇలాంటి పొరపాటు సులువుగా జరుగుతుంది. చూసేటప్పుడే రంగు కూడా గమనించండి. వానాకాలంలో వాగు దాటాక ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టు. అప్పుడు నెల, కిలోమీటర్లు చూడకుండా వెంటనే మార్చాలి.

లూజు ఆయిల్ సంగతి. కాక నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. ఆ డ్రమ్ము ఆయన దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో ఉన్నది జాసో ఎంఏ అవునో కాదో, వాడిన ఆయిల్‌ను వడకట్టి మళ్లీ నింపారో ఆయనకు కూడా తెలిసే వీలు లేదు. సీలు ఉన్న డబ్బా మీరే కొని తీసుకెళ్లి "కాకా, ఇది పోయి" అనండి. కూలి ఆయనకే ఇస్తున్నారు కాబట్టి నొచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ఖాళీ డబ్బా మూతను తొక్కి పడేయండి, అది మళ్లీ నిండకుండా ఉంటుంది.

ఇక పొగ. పొగ రంగు, వచ్చే సమయం చూస్తే ఇంజిన్ లోపల ఏమైందో చాలా వరకు తెలుస్తుంది. చలికాలం పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి, సైలెన్సర్ వేడెక్కగానే మాయమైతే అది తేమ, పట్టించుకోవద్దు. నీలి రంగు పొగ, కాలిన ఆయిల్ వాసన వస్తే లెక్క వేరు. రాత్రంతా నిలిపిన తర్వాత మొదటి స్టార్టులో భప్పున వచ్చి తర్వాత ఆగిపోతే చాలాసార్లు వాల్వ్ సీల్స్ గట్టిపడినట్టు. రాత్రి హెడ్డులోని ఆయిల్ బొట్టుబొట్టుగా కిందికి దిగి, పొద్దున కాలుతుంది. దీనికి హెడ్ పని చాలు, మొత్తం ఇంజిన్ దించాల్సిన పని లేదు. వేడెక్కాక కూడా, రేస్ ఇచ్చినప్పుడల్లా, ఎత్తులో వెనక వచ్చేవాళ్లకు కనబడేలా పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, పిస్టన్ ఆడే బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. మీ ఉత్తరంలో స్టార్ట్ చేయగానే పొగ అన్నారు, ఆ తర్వాత ఆగుతుందో లేదో రాయలేదు. ఒకసారి మీ ఆవిడనో, పక్కింటి కుర్రాడినో వెనక నిలబెట్టి చూడమనండి. బండి నడిపేవాడికి తన పొగ కనబడదు.

ఇదంతా దృష్టిలో పెట్టుకుని మీ ముందున్న దారులు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరు.

ఒకటి, 10డబ్ల్యూ-30. మీ బండి తయారుచేసిన కంపెనీ ఇప్పుడు ఈ రకం 100 సీసీ బండ్లకు అమ్ముతున్న ఆయిల్ అదే. మీ బండితో వచ్చిన పుస్తకం ఇంట్లో ఎక్కడైనా ఉంటే తీసి అందులో ఏముందో చూడండి. పొద్దున్నే హెడ్డు దాకా త్వరగా చేరుతుంది, కిక్కు తేలిక, మైలేజీ బాగుంటుంది. ఇంజిన్ గట్టిగా ఉంటే నేను ఇంకో మాట లేకుండా ఇదే చెప్పేవాణ్ని. మీ ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. పలుచటిది అరిగిన సందుల్లోంచి ఇంకా త్వరగా పోతుంది. ఇది ఎంచుకుంటే, ఎండాకాలంలో డిప్‌స్టిక్ దాదాపు రోజూ చూడాల్సి వస్తుంది. ఒక్క వారం మరిచిపోతే నష్టం పెద్దది.

రెండు, ఏడాది పొడుగునా 20డబ్ల్యూ-40, జాసో ఎంఏ ముద్ర ఉన్నది. ఇంజిన్ పని చేయించేదాకా నన్నడిగితే నేను మొగ్గేది దీనివైపే. మన చలికి ఇబ్బంది లేదు, ఎండకు 30 కన్నా నయం, ఏ పల్లె షాపులోనైనా దొరుకుతుంది కాబట్టి మధ్యలో కలపాలన్నా అదే రకం దొరుకుతుంది. మైలేజీ 10డబ్ల్యూ-30 అంత రాదు, ఆ మేరకు ఒప్పుకోవాలి.

మూడు, కాక పద్ధతే, కొంచెం సవరించి. మార్చి నుంచి జూన్ వరకు పడే ఆయిల్ మార్పుల్లో 20డబ్ల్యూ-50, మిగతా ఏడాది 20డబ్ల్యూ-40. మీ బరువుకు, మీ నెమ్మది దారులకు ఇందులో తప్పేమీ లేదు. 50 నంబరు అంటే 100 డిగ్రీల దగ్గర కూడా 16.3 సెంటీస్టోక్స్‌కు తగ్గదు, 40 అయితే 12.5 నుంచి మొదలవుతుంది. ఎండలో ఆయిల్ తగ్గడం కొంత నెమ్మదిస్తుంది. పొద్దున్నే గేరు ఖట్టుమని పడటం, న్యూట్రల్ వెతుక్కోవాల్సి రావడం, పెట్రోలు కాస్త ఎక్కువ తాగడం దీని ఖర్చు. స్టార్ట్ చేయగానే రేస్ ఇవ్వకుండా అర నిమిషం ఊరికే నడవనివ్వాలి. ఒక్కటి మాత్రం కాకతో నేను ఒప్పుకోను. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గింది కాబట్టి ఇంజిన్ బాగుపడింది అనుకోవద్దు. అరిగిన రింగు అరిగినట్టే ఉంటుంది, కనబడటం తగ్గుతుంది, అంతే. వచ్చే ఏడాది 50 కూడా చాలదు, అప్పుడు పోయడానికి ఇంకా చిక్కటి నంబరు సులువుగా దొరకదు.

నాలుగోది ఇంజిన్ పని. పొగ పొద్దున ఒక్కసారే అయితే వాల్వ్ సీల్స్ వరకు చేయించండి. రింగులు, బోరు అని తేలితే బోరింగ్ చేయించి పిస్టన్ వేయించాలి. స్ప్లెండర్ సామాను దొరకని ఊరు మన జిల్లాలో లేదు కాబట్టి ఇది భయపడే పని కాదు. పని అయ్యాక మొదటి ఆయిల్‌ను 500 కిలోమీటర్లకే దించేయండి, కొత్త రింగుల అరుగుడు పొడి అందులో ఉంటుంది. ఆ తర్వాత 10డబ్ల్యూ-30కి నిశ్చింతగా రావచ్చు, మరీ బరువు పనైతే 20డబ్ల్యూ-40. కొత్త బోరుకు 20డబ్ల్యూ-50 అక్కర్లేదు.

ఏ దారి పట్టినా, వచ్చే ఆయిల్ మార్పులో కాకను ఒక పని అడగండి. మీ బండిలో కార్లలోలా కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. కుడి వైపు క్లచ్ కవర్ విప్పితే, క్రాంకు చివర గుండ్రటి గిన్నెలాంటి ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్‌తో పాటు గిర్రున తిరుగుతూ ఆయిల్‌లోని చెత్తను అంచుకు విసిరి అక్కడ పట్టి ఉంచుతుంది. కింద ఇంకో చిన్న జాలీ. కింది నట్టు విప్పి ఆయిల్ దించినంత మాత్రాన ఈ రెండూ శుభ్రం కావు. చాలా బండ్లలో కొన్నప్పటి నుంచి వాటిని ఎవరూ ముట్టుకోరు. లోపలి అంచుకు నల్లటి మడ్డి వేలు లోతున గట్టిపడి ఉంటుంది. జాలీ మూసుకుపోతే పంపుకు ఆయిల్ సరిగా అందదు, అది ఎంత మంచి ఆయిలైనా. అదే కవర్ విప్పినప్పుడు క్లచ్ ప్లేట్లు కూడా కళ్లతో చూడొచ్చు. ఒక్క కూలితో రెండు పనులు. కవర్ గ్యాస్కెట్, డ్రెయిన్ నట్టు వాషర్ కొత్తవి కొని తీసుకెళ్లండి. సిలిండర్ రెక్కల మధ్య ఎండిన ఎర్రమట్టి కూడా బ్రష్షుతో తీయించండి, ఎండాకాలంలో నంబరు మార్చినదానికన్నా అది ఎక్కువ మేలు చేసినా నేను ఆశ్చర్యపోను. ఎయిర్ ఫిల్టర్ మరిచిపోకండి. తండా దారుల దుమ్ము బోరును తినేది దాని గుండానే.

కాకను, బావను ఎలా నెగ్గుకురావాలన్నది మీ ఉత్తరంలో అసలు బరువు అని నాకు తెలుసు. ఇద్దరూ మీ మంచే కోరారు, ఇద్దరిలోనూ సగం సగం సరైన మాట ఉంది. పలుచటి ఆయిల్ పొద్దున్నే మేలు చేస్తుందన్న బావ మాట నిజం, తెచ్చిన డబ్బా మాత్రం కారుది. ఎండకు చిక్కటిది కావాలన్న కాక మాట నిజం, ఆరు నెలలు ఉంచడం మాత్రం కాదు. కాక దగ్గర బావ పేరు ఎత్తకండి. "ఆయిల్ త్వరగా తగ్గుతోంది కాకా, కవర్ విప్పి ఫిల్టర్ చూద్దాం, నాయిన కూడా వస్తానన్నాడు" అని పిలవండి. పనిమంతుడికి పని చూపించమంటే గౌరవమే. నాయిన కళ్లముందే ఆ మడ్డి బయటికొస్తే, ఆ తర్వాత ఏం చేయాలన్నది వాళ్లిద్దరే మాట్లాడుకుంటారు. బావకు ఫోన్ చేసి, బైకులో క్లచ్ ఆయిల్‌లోనే ఉంటుందట, జాసో ఎంఏ ముద్ర ఉన్న డబ్బా మీ దగ్గర దొరికితే తెమ్మని అడగండి. అడిగితే అక్కకూ సంతోషంగానే ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది చదివిన మిగతావాళ్లు మీకు చెప్పిన నంబరు తమ బండికి పోసేయొద్దు. పాత పల్సర్‌లకు 20డబ్ల్యూ-50 మామూలే. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ వేరు. చాలాకాలం నిలిపితే ఆయిల్ క్రాంకు వైపు దిగిపోయి, స్టార్ట్ చేయగానే పొగ రావడం దానికి సహజం, దాన్ని చూసి రింగులు మార్చకూడదు. ఆర్‌ఎక్స్100 లాంటి టూ స్ట్రోక్ బండిలో కాలే ఆయిల్ 2టీ, గేర్ల ఆయిల్ వేరే. ఎవరి బండి పుస్తకం వాళ్లు తీయాల్సిందే.

మీ ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. 20 ఏళ్లు దాటిన బండి మీద ఇల్లంతా ఆధారపడటం ఆమెకు భయంగా ఉందంటే అందులో న్యాయం ఉంది. డబ్బు పెట్టేముందు ఒక కాగితం చూడండి. సొంత వాడకం బండికి ఆర్‌సీ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించి, పన్ను కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2005 బండికి 2020లో ఒకసారి, 2025లో ఇంకోసారి ఆ గడువులు వచ్చాయి. అది చేయించి ఉంటే, ఇంజిన్ పనికి పెట్టే ఖర్చు దండగ కాదు, ఈఎంఐ మొత్తంలో అది చిన్న భాగమే అవుతుంది. చేయించకపోతే, పొగ బండిని అక్కడ చూపించడం, రోడ్డు మీద తనిఖీలో దొరకడం, ఇన్సూరెన్స్ లేని బండితో ప్రమాదం, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని ఆమెతో కూర్చుని మాట్లాడండి. కొత్త బండి తీసుకున్నా ఒక విషయం గుర్తుంచుకోండి, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్నవి బీఎస్6 అనే కాలుష్య ప్రమాణం బండ్లు, కార్బురేటర్ కాకుండా ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. కాక చేతి పని అన్నిటికీ సరిపోకపోవచ్చు. పాల బరువు కొత్త బండి మీద వేసి, పాతదాన్ని నాయిన తిరగడానికి ఉంచుకోవడం కూడా ఒక దారి. తేలిక పనికైతే ఈ ఇంజిన్ ఇంకా చాలాకాలం వస్తుంది.

ఇప్పటికి ఈ వారమే మట్టం చూసి, ఎంఏ ముద్ర ఉన్న 20డబ్ల్యూ-40 పై గీత దాకా పోయించండి. ఆ రోజు తేదీ ట్యాంకు కింద స్టిక్కర్ మీద రాయండి. ఒక నెలలో ఎంత కలపాల్సి వచ్చిందో, పొగ పొద్దున ఒక్కసారే వస్తోందో, ఎత్తులో కూడా వస్తోందో చూసి మళ్లీ రాయండి. హెడ్ పనితో సరిపోతుందో, బోరు దాకా వెళ్లాలో అప్పుడు ఇంకా స్పష్టంగా చెప్పగలను.